పర్సోం అంటే ఎప్పుడు?

భూపాల్ రెండో చెంచా ఐస్‌క్రీం నోట్లో పెట్టుకోనేలేదు.

మొజంజాహీ మార్కెట్‌లో ఉదయం పదీ ఇరవై. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చిన్నగా దగ్గింది. భూపాల్ గొంతులో తూటా దిగి, చేతిలోని సీతాఫల్ కప్పు ఎర్రబడింది. పక్క బల్ల దగ్గరున్న ఖాకీ చొక్కా ఆటోవాలా ఒక్క ఉదుటున లేచి, కాల్చినవాడి మోకాలి మీద తన్నాడు. ఎముక పుటుక్కుమంది. రెండో దెబ్బకు పిస్టల్ ఎగిరి బత్తాయిల గంపలో పడింది. వాడు నేల మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో తూటా వచ్చి వాడి నుదుట్లో దిగింది.

కాల్చింది మనస్విని. ఆకుపచ్చ సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, చెంగు కింద చిన్న పిస్టల్. ఎంత కంగారులోనూ కుచ్చిళ్లు చెదరనివ్వని మనిషి.

"చేతులెత్తిండు గదా," అన్నాడు ఆటోవాలా.

"ఇంకో గన్ ఉంటే? నాకు నీ ప్రాణం ముఖ్యం, సదాశివా."

సదాశివ సెక్షన్ సిక్స్ అనే గూఢచారి విభాగంలో ఏజెంట్. గౌలిగూడలో పుట్టినవాడు కాబట్టి ఆటోవాలా వేషానికి మేకప్ అక్కర్లేదు. మనస్విని అదే సెక్షన్‌లో లాంగ్వేజ్ ఎక్స్‌పర్ట్. 'అంబర్' అనే విదేశీ ముఠాలోకి మన తరఫున చొరబడిన డబుల్ ఏజెంట్ కూడా. ఢిల్లీలో పుట్టి పెరిగిందని ఫైల్లో రాసి ఉంది. ఫైల్లో రాసిందల్లా నిజమైతే ఈ కథే లేదు.

మనస్విని గుమిగూడిన జనాన్ని అదిలిస్తుండగా సదాశివ, భూపాల్ తనకివ్వడానికి తెచ్చిన పాత కాగితాన్ని అతని జేబులోంచి తీసుకుని, గబగబా ఆటో దగ్గరికి నడిచాడు.

ఆ కాగితం ఒక బిల్టీ, అంటే పార్సిల్ బుకింగ్ రసీదు. దాని మీద ఒక నిండు ప్రాణం వేలాడుతోంది. రెండేళ్ల కిందట ఒక పార్సిల్ బాంబు పేలి పదకొండు మంది చచ్చిపోయారు. గౌలిగూడలో పార్సిల్ గుమాస్తా వెంకటనర్సయ్యను పట్టుకొచ్చింది సదాశివే. చెంపలు వాయించింది కూడా తనే. ఆధారం ఒక్క ఫోన్ టేపు. పేలుడైన మర్నాడు వెంకటనర్సయ్య దక్కనీలో భూపాల్‌తో అన్న మాట: "పర్సోం తుమారా డబ్బా మైచ్ రఖా నా." మొన్న నీ డబ్బా నేనే పెట్టాను కదా, అని మనస్విని అనువాదం. మొన్న అంటే బాంబు పెట్టిన రోజే. సరిపోయింది.

పోయిన వారం సదాశివ మొదటిసారి అసలు టేపు విన్నాడు. ముందు నవ్వు వచ్చింది, తర్వాత టేపును మళ్లీ మొదటికి తిప్పాడు. హైదరాబాదోడి పర్సోంకు క్యాలెండర్ ఉంటుందా? అది పోయిన వారం కావచ్చు, తాత పెళ్లి కావచ్చు. భూపాల్ పంపిన డబ్బాలో ఉన్నది కుట్టు మిషను, అదీ పేలుడుకు ఆరు నెలల ముందు. ఆ తేదీ బిల్టీ మీద ఉంది.

నాంపల్లి కోర్టులో తీర్పు ఈ రోజే, పదకొండింటికి. ఉరి తప్పదని అందరూ అంటున్నారు. పొద్దున బ్రీఫింగ్‌లో చీఫ్ ప్రభావతి విసుక్కుంది. టెర్రరిస్టు కోసం ఇంత తాపత్రయం ఎందుకని అడిగింది.

"టెర్రరిస్టు అని అన్నది మనం, మేడం. జైల్ల పెట్టినోనికి తలుపు తీసి సారీ చెప్పొచ్చు. ఉరేసినోనికి ఎవరు చెప్పాలె?"

ఆమె టైం చూసుకుంది.

ఇప్పుడు టైం పదీ ముప్ఫై నాలుగు. మనస్విని వెనక సీట్లో కూర్చుంది. నాంపల్లి రోడ్డు జామ్ అయిందనీ, అబిడ్స్ మీదుగా పొమ్మనీ చెప్పింది. బిల్టీ ఏదని అడిగితే పైలంగ, భద్రమైన చోటే ఉందన్నాడు సదాశివ. పెద్ద పోస్టాఫీసు ముందు బస్సుకూ బండికీ మధ్య సందులో ఆటోను దూర్చాడు. వెనక నుంచి ఆమె నవ్వింది.

"నయం, పర్సోం ఖాట్మండులో టాక్సీ నడిపినట్టు నడపడం లేదు."

సదాశివ అద్దంలోంచి ఆమెను చూశాడు. ఇద్దరూ కలిసి చేసిన ఖాట్మండు మిషన్ జరిగి మూడేళ్లయింది.

"ఢిల్లీల పర్సోం అంటే మొన్న," అన్నాడు మెల్లగా. "మూడేండ్ల ముచ్చటను పర్సోం అనేది ఈ ఊరోళ్లే. నువ్వెక్కడి పిల్లవు, మనస్వినీ?"

జవాబుగా పిస్టల్ గొట్టం మెడ మీద చల్లగా తగిలింది.

"పురానాపూల్," అంది. గొంతులో ఢిల్లీ లేదు. "బాంబు అంబర్‌ది. పెట్టినోళ్లను దొరకనియ్యొద్దంటే ఇంకొకడు ఉరెక్కాలె. మీ సర్కారే ఉరేస్తే ఫైలు బంద్. మాకు తూటా ఖర్చు గూడ లేదు. బిల్టీ ఇయ్యి."

"నన్ను సంపినా దొరకది."

"అయితే ఆటోతో పాటే కాలనియ్యి." బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి, మూత తిప్పి, సీటు కిందికి తోసింది. అద్దం ఉండాల్సిన చోట ఎర్ర అంకెలు. నలభై... ముప్ఫై తొమ్మిది...

సదాశివ హ్యాండిల్‌ను ఒక్కసారిగా పక్కకు తిప్పేశాడు. మూడు చక్రాల బండి నిలబడేది దైవాధీనం, పడేయడం మన చేతిలో పని. ఆటో డివైడర్‌ను గుద్ది పల్టీ కొట్టింది. పిస్టల్ పేలింది. ఎడమ భుజంలో నిప్పు దూరినట్టయింది. మనస్విని గాజుముక్కతో అతని ముఖం చీరింది. అతను తలతో ఆమె ముక్కు పగలగొట్టి, ఆమె చేతికీ డివైడర్ కమ్మీకీ కలిపి జేబులోని బేడీలు వేశాడు.

పదకొండు... పది... పౌడర్ డబ్బాను అందుకుని జనాన్ని తప్పుకొమ్మంటూ మూత తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లోకి విసిరాడు. దాన్ని మూయనివాణ్ణి జీవితంలో మొదటిసారి దీవించాడు. భూమి అదిరి, మురుగు రెండు మేడల ఎత్తు లేచి కురిసింది.

పిస్టల్ ఇప్పుడు అతని చేతిలో ఉంది. మనస్విని రక్తం ఉమ్మి నవ్వింది.

"కాల్చు. ఎవరడుగుతరు?"

చేతులారా చంపాలన్నంత కోపం వచ్చింది సదాశివకు. మార్కెట్‌లో చేతులెత్తినవాడు గుర్తొచ్చాడు. పిస్టల్ దించేశాడు. ఆటో మీటరును పీకి చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

కోర్టు బయట జనం ఉరి తీయాలని అరుస్తున్నారు. లోపల జడ్జి గారు తీర్పు కాగితాలు తెరిచి కళ్లద్దాలు సర్దుకున్నారు. బోనులో వెంకటనర్సయ్య కళ్లు మూసుకున్నాడు. మురుగూ నెత్తురూ కారుతున్న ఆటోవాలా ఒకడు వచ్చి, డిఫెన్స్ లాయర్ రశ్మి బల్ల మీద మీటరు పెట్టి డబ్బా పగలగొట్టాడు. బిల్టీ చెక్కుచెదరలేదు. హైదరాబాద్‌లో ఆటో మీటరు జోలికి ఎవరూ పోరు కదా.

రశ్మి లేచి నిలబడింది. తీర్పు ఆగింది. వెంకటనర్సయ్య కళ్లు తెరిచి, తనను కొట్టినవాణ్ణి గుర్తుపట్టి భయంతో వెనక్కి జరిగాడు. సదాశివకు తూటా కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

నాలుగో రోజు ప్రభావతి దవాఖానకు వచ్చింది. మనస్విని నోరు విప్పిందనీ, బాంబు పెట్టిన ఇద్దరూ దొరికారనీ, వెంకటనర్సయ్య బెయిల్ మీద ఇల్లు చేరాడనీ చెప్పింది.

"ఈ ముగ్గురికీ మాత్రం ఉరే," అంది. "ఇప్పుడు కూడా వద్దంటావా?"

"ఔ మేడం. ఇప్పుడు గూడ."

"ఆవిడ నీ ఒంట్లో తూటా దింపింది."

"గందుకే నా మాటకు జర వజన్ ఉంటది. ఆమెను ఆ దినం కాల్చి ఉంటే, ఈ ఇద్దరు మనకు దొరుకుదురా?"

ప్రభావతి కుర్చీలోంచి లేచింది. ఆ మాటే రిపోర్టులో రాయమంది, తాను సంతకం పెట్టి పైకి పంపుతానంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఇంతకీ వెంకటనర్సయ్య ఇంటికెళ్లి క్షమాపణ ఎప్పుడు చెబుతావు?"

"చెప్పొచ్చిన మేడం, నర్సు కన్నుగప్పి."

"ఎప్పుడు?"

"పర్సోం," అన్నాడు సదాశివ. ప్రభావతి డైరీ తీసి, తేదీ వేయబోయి, పెన్ను మూసేసింది.