ఎగరని తేనెపిట్టలు

“మా చంటిది బోర్లా పడిందోచ్! ఇవాళ పొద్దున్నే పడింది. మీ పిట్టపిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన రోజున దీనికి మెడ కూడా సరిగ్గా నిలవలేదే నెరిస్సా. ఇప్పుడిది బోర్లా పడి నా దుప్పటి కొస నములుతోంది. వాటికి మాత్రం ఇంకా రెక్కలు రాలేదా? అవి తేనెపిట్టలా, తాబేళ్ళా?”

ఫోన్ స్పీకర్ మీద ఉన్న సంగతి నెరిస్సా చూసుకోలేదు. జోసెలిన్ గొంతు మందుల కొట్టంతా వినిపించింది. దగ్గు మందు కోసం నిలబడ్డ పెద్దాయన కిసుక్కున నవ్వాడు.

నెరిస్సాకు నవ్వు రాలేదు. చేతిలో మాత్రల అట్ట ఉంది. అట్టకు పద్నాలుగు, రోజుకొకటి, రెండు అట్టలైతే నాలుగు వారాలు. రోజంతా జనానికి ఆమె చెప్పే లెక్క ఇదే. అదే చేత్తో వేళ్ళు మడిచి చూసుకుంది. ఆ పిల్లలు పుట్టి ఏడు వారాలు!

‘అయ్యో, వాటికేదో జబ్బు చేసింది!’

ఇంకెవరైనా అయితే మరోలా అనుకునేవారు. నెరిస్సా ముందు జబ్బే అనుకుంటుంది. పక్కింట్లో ఎవరు తుమ్మినా ఆమెకు న్యుమోనియా కనబడుతుంది.

నలుగురు వాళ్ళు. గిమరాస్ దీవిలో ఒకే బడిలో, ఒకే బల్ల మీద చదువుకున్నారు. ఇప్పుడు తలో ఒడ్డుకూ చేరారు. జోసెలిన్ పెళ్ళి చేసుకుని బకోలోద్ పట్నంలో ఉంది. గ్లెండా హాంకాంగ్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. నెరిస్సా, వాళ్ళమ్మ దీవికి ఎదురుగా, నీళ్ళకు ఇవతల ఇలోయిలో పట్నంలో ఉంటారు. ఎఫ్రెన్ ఒక్కడే దీవి విడిచిపెట్టలేదు. మామిడి అంట్లు కట్టి అమ్ముకుంటూ నాయనమ్మతో ఉంటున్నాడు.

ఆదివారం వస్తే నలుగురూ ఫోన్‌లో కబుర్లు పంపుకుంటారు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, ఎక్కడికి వెళ్ళొచ్చారు, పెరట్లోకి ఏ పిట్ట వచ్చింది. ఆ చివరిది ఎఫ్రెన్ పెట్టిన పద్ధతి. “నాకు జ్వరం రాదు. ఊరు దాటను. ఇంట్లో నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. ఇంకేం చెప్పను? పిట్టలైతే రోజూ వస్తాయి,” అన్నాడు. అప్పట్నుంచి గ్లెండా కూడా పందొమ్మిదో అంతస్తులో బట్టలారేసే కర్ర మీద ఏది వాలినా ఫొటో తీసి పంపుతుంది.

ఏడు వారాల కిందట ఒకే రోజున రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది గ్లెండాది.

“మా పక్కింట్లో ఓ ముసలావిడని చూసుకోడానికి మనిషి కావాలిట. నువ్వు మందులు తెలిసినదానివని చెప్పాను. రెండేళ్ళు. వస్తావా?”

రెండోది ఎఫ్రెన్ పంపిన ఫొటో. కుండీలో నిమ్మమొక్క. దాని కొమ్మకు వేలాడే చిన్న సంచిలా తేనెపిట్ట గూడు. గూటి మూతిలో రెండు పసుప్పచ్చ నోళ్ళు. ‘నిన్ననే పుట్టాయి.’

నెరిస్సా ఎఫ్రెన్ ఏమంటాడా అని చూసింది. వెళ్ళమంటాడా? వద్దంటాడా? పది నిమిషాలు, ఇరవై నిమిషాలు గడిచాయి. హాంకాంగ్ గురించి అతను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఉక్రోషం వచ్చి నోటికి తోచింది అనేసింది.

“ముందు ఆ పిల్లలు ఎగరనీ గ్లెండా. అప్పుడు చెప్తాను.”

అందరూ వేళాకోళమనుకున్నారు. అది మొదలు నెరిస్సాకు కుదురు లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. వెళ్ళాలని లేదు. ఉండిపోవడానికి కారణమూ లేదు. ఉండమని అడిగే నోరు ఒక్కటుంటే చాలు. ఆ నోరేమో ఎప్పుడు చూసినా పిట్టల గురించే చెబుతుంది.

మూడో వారం: “వానలు కదా, బయటికి రావడంలేదు.”

నాలుగో వారం: “పెద్దది రెక్క విదిలించింది. చిన్నది బద్ధకిష్టి.”

అయిదో వారం: “తల్లి మరీ మేపేస్తోంది. పొట్టలు బరువెక్కాయి.”

మొన్న: “చిన్నదానికి జలుబు చేసినట్టుంది.”

ఆ మాటకే నెరిస్సా రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇప్పుడు జోసెలిన్ లెక్క. ఇక ఆగడం ఆమె వల్ల కాలేదు. చంటిపిల్లల విటమిన్ చుక్కల సీసా ఒకటి, చుక్కలు వేసే గొట్టం ఒకటి కొని సంచిలో వేసుకుంది. కొట్టు యజమానురాలితో ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి పరుగెత్తింది.

“ఈ వానలో ఎక్కడికే?” అంది అమ్మ, కుట్టు మిషను ఆపి.

“పిట్టకి జలుబు చేసిందమ్మా.”

“నీకు మతి పోయింది. ఏ పిట్టకి?”

“ఎఫ్రెన్ వాళ్ళింట్లో...”

అమ్మ కూతురి మొహం వంక ఓ క్షణం చూసింది. లేచి గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. “ఆ ముక్క ముందే ఏడిస్తే గొడుగు ముందే ఇచ్చేదాన్నిగా.”

పడవలో పావుగంట ప్రయాణమే అయినా ఆ రోజు దీవి దగ్గరికే రాలేదు. వాన జల్లు పడవ మీది పట్టాను వాయిస్తోంది. నెరిస్సా లేచి చూస్తుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది.

“కూర్చో తల్లీ! నువ్వు లేచినప్పుడల్లా పడవ కూడా లేస్తోంది,” అని పడవవాడు కసిరాడు.

ఎఫ్రెన్ తోటలో వరసలు వరసలుగా మామిడి అంట్లు వానలో తడుస్తున్నాయి. వసారాలో నాయనమ్మ పెట్రా ఒక్కతే కూర్చుని అరటాకులు తుడుస్తోంది. నెరిస్సా పెద్దలకు దణ్ణం పెట్టే అక్కడి పద్ధతిలో ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

“బంగారుతల్లివి! నిలువునా తడిసిపోయావేమే పిల్లా? అల్లం కషాయం ఇస్తానుండు.”

“కషాయం తరవాత నాయనమ్మా. ముందు పిల్లలెక్కడ? చిన్నదానికి ఎలా ఉంది?”

“ఎవరి పిల్లలు?”

“తేనెపిట్ట పిల్లలు!”

నాయనమ్మ అరటాకు ఒళ్ళో పెట్టుకుని నెరిస్సాను కిందినుంచి పైదాకా చూసింది. “అవా? అవెప్పుడో ఎగిరిపోయాయి. చర్చి పండగ కూడా కాలేదప్పటికి. ఆ పూట మావాడు అన్నం ముట్టలేదు. పిట్టలు పోతే ఇంత దిగులేమిట్రా, అవేమైనా నీ పెళ్ళి పెద్దలా అని తిట్టాను కూడా.”

వసారా చివర నిమ్మమొక్క ఉంది. నెరిస్సా దగ్గరికి వెళ్ళి గూటిలో వేలు పెట్టింది. ఖాళీ. మూతికి అడ్డంగా సాలెపురుగు గూడు అల్లుకుంది. అదీ పాతదే.

ముందు ప్రాణం కుదుటపడింది. పిల్లలు బతికే ఉన్నాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే ఎఫ్రెన్ వచ్చాడు. భుజాన ఎరువు బస్తా, నెత్తిన అరటాకు. నెరిస్సాను చూడగానే బస్తా జారి కాలిమీద పడింది.

“నువ్వా! ఎప్పుడొచ్చావ్? ఫోన్ చెయ్యచ్చుగా?”

నెరిస్సా మొహం కదలనివ్వలేదు. గూటికి తన వీపు అడ్డం పెట్టి నిలబడింది. “చిన్నదాన్ని చూసిపోదామని వచ్చాను. జలుబు తగ్గిందా?”

“ఆఁ... తగ్గింది. చాలా నయం.”

“తుమ్ములు?”

“నిన్నట్నుంచి తుమ్మలేదు.”

“పాలు తాగుతోందా?”

“బాగా తాగుతోంది.”

“పిట్ట పాలు తాగుతోందా ఎఫ్రెన్!”

నాయనమ్మ అరటాకు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎఫ్రెన్ నెత్తిమీది ఆకు తీసి చేతిలో నలిపాడు. చెవులు ఎర్రబడ్డాయి. నెరిస్సా పక్కకు జరిగి గూడు చూపించింది.

“ఎన్నాళ్ళయింది?”

“అయిదు వారాలు,” అన్నాడు నేల చూస్తూ.

“అయిదు వారాలు లేని పిట్టల గురించి నాకు చెబుతున్నావా? నిద్రల్లేవు నాకు! పిట్టకి జలుబు చేస్తే ఏం వెయ్యాలని మా కొట్టుకొచ్చే డాక్టరుని అడిగాను. ఆయన నా నాడి చూశాడు, తెలుసా? వానలో, గాలిలో పడిపోతూ లేస్తూ వచ్చాను. ఇదిగో, చుక్కల మందు కూడా తెచ్చాను! నన్ను చూస్తే అంత ఆటగా ఉందా?”

“ఆట కాదు.”

“మరేంటి?”

“అవి ఎగిరాక చెప్తానన్నావుగా.”

ఎఫ్రెన్ వంగి, జారిపడ్డ బస్తాను పక్కకు జరిపాడు.

“అవి ఎగిరిన పొద్దున్న నేను ఇక్కడే ఉన్నాను,” అన్నాడు ఎఫ్రెన్. “పెద్దది పోయింది. దాని వెనకే చిన్నది. నీకు చెబుదామని ఫోన్ తీశాను. ‘ఎగిరిపోయాయి’ అంటే నువ్వు హాంకాంగ్ వెళ్ళిపోతావు. వేలు నొక్కి, ‘ఇంకా ఉన్నాయి’ అనేశాను. ఒక్కరోజే అనుకున్నాను. మర్నాడు కూడా నోరు రాలేదు.”

“వెళ్ళొద్దని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. అబద్ధాలకి మాత్రం వచ్చిందా?”

“అనడానికి నేనెవర్ని నెరిస్సా? నువ్వు వెళ్ళాలనుకుంటే? నా వల్ల ఆగిపోయి, రేపెప్పుడైనా ఆ నీళ్ళవంక చూసి నిట్టూరిస్తే?”

“వాడి తాత కూడా ఇంతే,” అంది నాయనమ్మ ఎవరితోనో చెబుతున్నట్టు. “మూడేళ్ళు మా ఇంటికి కట్టెలు కొట్టిపోశాడు. ఎందుకు కొడుతున్నాడో చెప్పనే లేదు. మా అమ్మే అడిగింది చివరికి.”

నెరిస్సాకు ఏదో గట్టిగా అనాలని ఉంది. తడిసిన వసారాలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసింది. ఆ నడకలోనే ఒక ఆలోచన తగిలి ఆగిపోయింది.

రోజుకు వందమందికి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే మనిషి తను. ఎవరి మందు ఏ రోజున అయిపోతుందో వాళ్ళకన్నా ముందు తనకు తెలుస్తుంది. పిట్టపిల్లలు రెండు వారాలకో, ఇంకో రోజు అటోఇటో ఎగురుతాయని చిన్నప్పట్నుంచీ ఎరుగును. మరి ఏడు వారాలు ఒక్కసారైనా వేలు మడవలేదేం? జోసెలిన్ తిడితే తప్ప?

ఫోన్ మోగింది. గ్లెండా. వెనకాల బోలెడుమంది ఆడవాళ్ళ నవ్వులు, ఆదివారం సందడి.

“ఏమే, నేను పార్కులో కూర్చున్నాను, నడుం పట్టేసింది, అది వేరే సంగతి. ఆ ముసలావిడ కొడుకు సాయంత్రంలోగా చెప్పమంటున్నాడు. ఇంక ఆగడు. ఇంతకీ నీ పిట్టలు ఎగిరాయా లేదా?”

ఎఫ్రెన్ నలిగిన ఆకును ఇంకా నలిపాడు.

నెరిస్సా అతని వైపు తిరిగింది. “ముందు నువ్వు చెప్పు. పిట్టలు లేకుండా చెప్పు.”

“ఏమిటే, ఎవరక్కడ? ఎఫ్రెనా?” అని గ్లెండా అరుస్తోంది.

ఎఫ్రెన్ నోరు తెరిచాడు, మూశాడు. “అంటే... ఇప్పుడు మామిడికి...”

“మామిడి కూడా లేకుండా!”

“వెళ్ళకు,” అన్నాడు. అనేశాక అతనికే ధైర్యం వచ్చింది. “వెళ్తే రెండేళ్ళూ ఎదురు చూస్తాను. ఎవర్నీ చూసుకోను. కానీ వెళ్ళకు. ఆదివారం ఒక్కరోజు నీ గొంతు వింటే నాకు చాలట్లేదు. ఇంకేం చెప్పాలో తెలీదు. ఇంతే వచ్చు.”

నెరిస్సా ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది.

“గ్లెండా, నేను రావడంలేదే. ఇతను అడిగాడని కాదు. అసలు నేనే రాదల్చుకోలేదు. ఆ మాట నాకే ఇప్పుడు తెలిసింది.”

అవతలినుంచి పార్కంతా వినబడేలా కేక. “ఓసి నీ! అయితే మా చెల్లెల్ని రమ్మంటాను, అది ఎప్పట్నుంచో ప్రాణం తీస్తోంది. ఉండు, ముందు జోసెలిన్‌కి చెప్పాలి!” ఫోన్ పెట్టేసింది.

ఎఫ్రెన్ రెండడుగులు ముందుకు వేసి, మట్టి చేతులు చూసుకుని, మళ్ళీ వెనక్కి వేశాడు.

“కడుక్కుని రారా మొద్దూ,” అంది నాయనమ్మ.

“కడుక్కుని, మంచి చొక్కా వేసుకుని రా,” అంది నెరిస్సా. “నాతో పడవెక్కాలి.”

“ఎక్కడికి?”

“మా అమ్మ దగ్గరికి. నాకు చెప్పిందే ఆవిడకీ చెప్పు. మూడేళ్ళు కట్టెలు కొట్టే ఓపిక నాకు లేదు.”

“ఇవాళేనా? ఇప్పుడేనా? ఉత్త చేతుల్తోనా?”

నాయనమ్మ అప్పటికే పొద్దున్న వండిపెట్టిన బంకబియ్యం తీపి పొట్లాలు అరడజను అరటాకులో చుట్టేసింది. “ఇవి పట్టుకెళ్ళు. వచ్చే ఆదివారం నేనే వస్తానని చెప్పు. పెద్దల మాటలు పెద్దలం మాట్లాడుకుంటాం. నువ్వు మటుకు నోరు తెరిచి మొదటి మాట అను, చాలు.”

పడవలో జనం తక్కువ. వాన తగ్గి జల్లుగా మిగిలింది. ఈసారి ఎఫ్రెనే లేచి నిలబడుతున్నాడు, కూర్చుంటున్నాడు. పొట్లాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తున్నాడు. పెదాలు ఏదో వల్లె వేస్తున్నాయి. నెరిస్సా అతని చొక్కా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి, ఆ పట్టు మళ్ళీ వదల్లేదు.

ఇలోయిలో రేవు కనబడగానే అతను మళ్ళీ లేవబోయాడు.

“నెరిస్సా, మీ అమ్మగారికి బీపీ ఉందా?”

“ఉంది. ఎందుకు?”

“ఏం లేదు. ముందు మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కో.”

“ఆవిడకి ఏం కాదులే,” అంది నెరిస్సా, అతని మణికట్టు మీద వేళ్ళు ఆనించి. “నాకు నీ సంగతే భయంగా ఉంది.”

ఆమె పెదాలు కదులుతూ అతని నాడి లెక్కపెడుతున్నాయి. పడవ రేవును తాకి కుదిపింది. లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.