పళ్ల మందు డబ్బా

అబిడ్స్‌లో బట్టల కొట్టు పైనున్న డిటెక్టివ్ సదాశివ ఆఫీసులోకి డాక్టర్ విద్యావతి పరుగున వచ్చింది. అసిస్టెంట్ దుర్గేష్ మంచినీళ్లిస్తే గ్లాసు వంక అనుమానంగా చూసింది.

ఆమె పళ్ల డాక్టర్. నాంపల్లిలో ఒక పిల్లల హాస్టల్‌కు చూస్తుంది. పిల్లల పళ్లు పుచ్చకుండా మంచినీళ్ల ట్యాంకులో రోజూ చిటికెడు ఫ్లోరైడ్ పొడి వేయిస్తోంది. అల్మారీలో పెట్టిన ఆ డబ్బా మాయమైంది.

"మోతాదులో వేస్తే మంచిదే. డబ్బా మొత్తం కుమ్మరిస్తే పిల్లల ప్రాణం మీదికొస్తది. ట్యాంకు ఖాళీ చేయించిన."

"అది ఫ్లోరైడ్ అని ఎవరికి తెలుసు?"

"నాకూ, మేనేజర్ వెంకటేశం గారికీ. ఆ పేరు వింటే మనవాళ్లు హడలిపోతరు కదా! అందుకే అందరికీ పళ్ల మందనే చెప్పినం. డబ్బా మీద ఉన్నదంతా ఇంగ్లీషే."

హాస్టల్లో వెంకటేశం అప్పటికే తీర్పు చెప్పేశాడు. ట్యాంకు మోటారు చూసుకునే సురేందరే దొంగ, సాయంత్రం పోలీసులకు అప్పగిస్తాడట.

"అల్మారీ తాళంచెవి వంటింట్ల గోడ మొలకే ఉంటది సార్. ఎవలైనా తీయొచ్చు," అన్నాడు సురేందర్ బిక్కమొహంతో. "పళ్ల మందుతోని నాకేం పని?"

వంటమనిషి జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే జవాబిచ్చింది. "వంట తప్ప నాకేం ఎరుక లేదు సార్, సదువు రాదు. గా ఫ్లోరైడ్ డబ్బా నేను ముట్టలే."

సదాశివ తలూపి, అందరినీ భోజనాల హాల్లోకి పిలిపించాడు.

"ఇక్కడ అందరికీ అది పళ్ల మందు. జంగమ్మ ఒక్కతే ఫ్లోరైడ్ అన్నది. చదువు రాదు కాబట్టి ఎవరో అంటుంటే వినుండాలె. జంగమ్మా, నీదే ఊరు?"

ఆమె కొంగు దించింది. పళ్లన్నీ గోధుమరంగు మరకలే.

"నల్లగొండ దిక్కు సార్. బోరు నీళ్లు మంచియే అన్నరు, తాగినం. మా తమ్ముడు నడుము వంగి, నేలను చూసుకుంటనే సచ్చిండు. ట్యాంకుల ఫ్లోరైడ్ కలుపుతున్నమని మేనేజర్ సారు ఫోన్ల అంటుంటే విన్న. తెలిసి తెలిసి పోరగాండ్లకు ఎట్ల కలుపుతరు మేడం?"

"అక్కడ మోతాదు మించింది జంగమ్మా. ఇక్కడ ఫిల్టరు మిషన్ నీళ్లలో అసలుండదు, అందుకే కొంచెం వేస్తం."

"గీ ముచ్చట ముందుగాల నాకెందుకు చెప్పలే?"

విద్యావతి వెంకటేశం వైపు చూసింది. జంగమ్మ తన పెట్టె తెరిచి, చీరలో చుట్టిన డబ్బా తెచ్చింది.

"పారబోద్దామనుకున్న సార్. ఏడ పోసినా గాడ ఎవలో ఒగలు తాగుతరు కద!"

"ఈమె దొంగ కాదు," అన్నాడు సదాశివ. వెంకటేశం వినలేదు. చీకటి పడేలోగా మూట సర్దుకొమ్మన్నాడు. డాక్టరమ్మ డబ్బా అందుకుని మూత బిగించుకుంది. తను బతికిపోయినందుకు సురేందర్ సిగ్గుపడి తల దించుకున్నాడు.

కేసు తేలినప్పుడల్లా దుర్గేష్ "ఎట్ల పట్టిన్రు సార్!" అని మురిసిపోయేవాడు. ఇవాళ వాడికి ఒళ్లు మండిపోయింది. సార్ ఆ ఒక్క మాట పట్టుకోకుంటే సురేందర్ జైలుకు పోయేవాడు. పట్టుకుంటే ఈమె రోడ్డున పడింది.

జంగమ్మ గేటు దాటుతుండగా విద్యావతి డబ్బా మీది ఇంగ్లీషు పేరు కప్పేలా తెల్లకాగితం అతికించి, దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది: పళ్ల మందు.