సవతి దిబ్బ మీద కెమెరా

సవతి దిబ్బ దగ్గర దోనెలో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చోరండి. నిన్న పెళ్ళైనవాళ్ళైనా సరే, పళ్ళూడినవాళ్ళైనా సరే... దిబ్బ కనపడగానే ఒకరు ఈ కొనకి, ఒకరు ఆ కొనకి జరిగిపోతారు. దాటేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కొల్లేటి లంకల్లో ఎవర్నైనా అడగండి, అవునో కాదో.

అక్కడ ఉన్నది మాణిక్యం అంటారు. మా అమ్మమ్మ చిన్నప్పటి మాటట. పెద్ద వరదొచ్చి ఊరు మునిగిపోతుంటే ముగ్గురు ఆ దిబ్బెక్కారు — మొగుడు, పెద్దపెళ్ళాం మాణిక్యం, కొత్తగా చేసుకున్న చిన్నది. దోనె చూస్తే ఇద్దరికే ఆనుతుంది. వాడు చిన్నదాన్ని ఎక్కించుకుని, "దీన్ని ఒడ్డున దించి ఇప్పుడే వస్తా" అన్నాడు. ఆ ఇప్పుడే... పదకొండు రోజులైంది.

పదకొండు రోజులూ ఆ మనిషి ఒక్కత్తీ కలవ దుంపలు తవ్వుకుని, పచ్చి చేపలు కొరుక్కుని బతికిందట. ఎలా తెలుసంటారా? ముళ్ళూ, తొక్కలూ కుప్పగా పడున్నాయి మరి. కర్రకి చీర కట్టి జెండాలాగా పాతింది. ఆ చీర దొరికింది. మనిషి దొరకలేదు.

అప్పట్నించి జంటని చూస్తే ఊరుకోదంటారు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళని మాత్రం ఏమీ అనదట.

నా పేరు సూర్యకాంతం. ఆకివీడు బజార్లో గాజుల కొట్టు నాదే. మా ఆయన పట్టాభిరామయ్య గారు అత్తిలిలో ఇంకొకావిడతో ఉంటున్నారు. ఈ సంగతి జరిగేనాటికి మూడేళ్ళు. ఇది ఎందుకు చెబుతున్నానంటే... దాచుకోడానికి ఏముంది లెండి, ఊరందరికీ తెలుసు.

నా కొట్టు పక్కనే ఆనంద్ పాల్ ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తాడు. అతని పెళ్ళాం జాయ్సీ కాన్వెంట్లో టీచరు. ఆ ఇద్దర్నీ చూస్తే నాకు కడుపు మండిపోయేదండి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి ఆ పిల్ల స్టూడియో మెట్టు మీద కూర్చునేది. ఒకే గ్లాసులో టీ, చెరి సగం. రెండో గ్లాసు లేకనా? బజారంతా చూస్తోందన్న ఇది కూడా లేదు. నేను గాజుల పెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తూ అటే చూసేదాన్ని.

రెండు వేల మూడులో ఆనంద్ పాల్‌కి సినిమా పిచ్చి పట్టింది. లోకల్ కేబుల్లో వేస్తారట. కథేంటయ్యా అంటే — పడవ మునిగిపోయి ఒకడు నిర్మానుష్యమైన దీవిలో చిక్కుకుంటాడు, నలభై రోజులు ఒంటరిగా బతుకుతాడు. అంతే కథ.

"హీరో ఎవరు బాబూ?" అన్నాను.

"నేనేనండీ."

"మరి కెమెరా?"

"అదీ నేనేనండీ. స్టాండు మీద పెట్టేసి, ముందుకెళ్ళి యాక్టు చెయ్యడమే. దీవిలో ఇంకో మనిషే ఉండకూడదు కదండీ!"

దీవి కావాలని వెతికి వెతికి సవతి దిబ్బకి వెళ్ళాడు మహానుభావుడు. అక్కడైతే ఎవరూ రారు, ఫ్రేములో దోనెలు పడవు అని. శుక్రవారం వెళ్ళి అక్కడే టార్పాలిన్ కింద పడుకుని, ఆదివారం ఆరాధన టైముకి ఇంటికొచ్చేవాడు. గెడ్డం పెరిగింది. మనిషి నల్లబడ్డాడు. జాయ్సీ మాత్రం ఆ గెడ్డం చూసి మురిసిపోయేది.

ఐదో వారమో ఆరో వారమో... ఆదివారం మధ్యాహ్నం, అతను నిద్రపోతుంటే జాయ్సీ నన్ను పిలిచింది. "అక్కగారూ, మా ఆయన సినిమా చూద్దురు గాని రండి" అని. క్యాసెట్ పెట్టింది.

చూశాను. ఆనంద్ పాల్ చిరుగుల బనీనుతో ఎడమ పక్క నుంచి వచ్చాడు. కిక్కిస గడ్డి పక్కగా నడిచాడు... కుడి పక్కకి వెళ్ళాడు. ఒంగి గుడ్డు ఏరుకున్నాడు. కూర్చుని తింటున్నాడు. మొహం దగ్గరగా... ఇంకా దగ్గరగా.

నాకు ఏదో తేడాగా అనిపించింది. మళ్ళీ వెయ్యమన్నాను. వేసింది.

"ఏవమ్మా జాయ్సీ," అన్నాను మెల్లిగా, "అతను నడుస్తుంటే ఈ కెమెరా కూడా పక్కకి తిరుగుతోందే... ఎవరు తిప్పుతున్నారూ?"

ఆ పిల్ల మొహం చూడాలి మీరు. రక్తం చుక్క లేదు.

అక్కడితో ఆపొచ్చు కదా నేను? ఆపలేదు. "మొహం మీద నుంచి కదలడం లేదు చూడు. ఇది మగాడి చూపు కాదమ్మా" అని కూడా అన్నాను. అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు హాయిగా ఉంది. ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

జాయ్సీ మొగుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే ఒప్పుకుంటాడా? తనలో తానే కుమిలింది. ఎవరై ఉంటుంది? పెళ్ళి వీడియోల్లో కనపడ్డ ప్రతి పిల్లనీ తల్చుకుంది. అతని చొక్కాలు వాసన చూసింది. నాలుగు రోజులు సరిగ్గా తిండి లేదు, ఒకే గ్లాసు టీ కూడా లేదు. మొగుడు తనవాడో కాదో తేలాలి, అంతే. ఆ శుక్రవారం, సినిమాలో నెగడు సీను ఉందని అతను వెళ్ళాడు. శనివారం పొద్దుగూకే వేళకి ఈవిడ లంక రేవులో ఉంది.

ఇక్కడ్నించి నేను చూసింది కాదండి. జాయ్సీ కొంత చెప్పింది, దోనె తోలిన బాలస్వామి కొంత చెప్పాడు.

బాలస్వామి ముందు రానన్నాడు. తర్వాత బతిమాలితే వచ్చాడు. దారంతా ఒకటే మాట — "అమ్మగారండీ, వచ్చేటప్పుడు మాత్రం అయ్యగారు ఆ కొన, మీరు ఈ కొనండి. మర్చిపోకండి." దిబ్బకి దోనె ఆనించాడు గాని, తను కాలు కింద పెట్టలేదు.

చీకటి పడింది. కిక్కిస మనిషెత్తు ఉంది. జాయ్సీ చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా... అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. ముందు నెగడు వెలుగు కనపడింది. ఆ తర్వాత మాటలు వినపడ్డాయి.

మొగుడి గొంతే.

"కొంచెం దగ్గరికి రండి... ఆఁ... అక్కడే. చాలా బాగుందండీ."

జాయ్సీ ఉన్నచోటే ఆగిపోయింది. ఆ మర్యాదేంటి! ఆ మెత్తదనమేంటి! తనతో మాట్లాడే గొంతే అది. తనకి మాత్రమే అనుకున్న గొంతు.

గడ్డి రెండు చేతులతో పాయలు తీసి చూసింది.

నెగడు. నెగడు పక్కన ఆనంద్ పాల్, చేప కాల్చుకుంటున్నాడు. ఎదురుగా స్టాండు. స్టాండు మీద కెమెరా... ఎర్ర లైటు వెలుగుతోంది.

కెమెరా వెనకాల ఎవరూ లేరు.

ఉండి ఉంటుంది, పక్కకి తప్పుకుని ఉంటుంది అనుకుంది. కళ్ళు చిట్లించి చుట్టూ వెతుకుతోంది. అప్పుడు... కెమెరా కదిలింది. నెమ్మదిగా. మనిషి మెడ తిప్పినట్టు అతని మీద నుంచి తిరిగి... కిక్కిసలోకి తిరిగి... సరిగ్గా జాయ్సీ మొహం మీద ఆగింది.

"అటు కాదండీ, ఇటు" అన్నాడు ఆనంద్ పాల్, చేప మీద నుంచి కళ్ళెత్తకుండానే.

కెమెరా తిరగలేదు.

అతను తలెత్తాడు. "ఎవరది!"

"నేనే" అంది జాయ్సీ, గడ్డిలోంచి బయటికొచ్చి. "ఎవరండీ అది? ఎవరితో మాట్లాడుతున్నారు?"

అతను లేచి నిలబడ్డాడు. చేతిలో చేప అలాగే ఉంది. గుసగుసగా చెప్పాడు.

"నాకూ తెలీదు జాయ్సీ... మూడో రోజునే కనిపెట్టాను. స్టాండు మీద కదలకుండా బిగించిన కెమెరా తిరిగింది. సామాను కట్టేశాను కూడా. కానీ ఆ ముక్క వెనక్కి తిప్పి చూస్తే... ఆ ఫ్రేము చూశావా నువ్వు? నా జన్మలో అంత బాగా తియ్యలేదు!"

విన్నారా అండీ? దెయ్యం అని తెలిసీ ఉండిపోయాడు. ఎందుకయ్యా అంటే, ఫ్రేము బాగుందట! ఈ ఫోటోల వాళ్ళకి బుద్ధి అద్దంలోనే ఉంటుంది కాబోలు.

ఇంకొకత్తె అయితే అక్కడే కళ్ళు తిరిగి పడిపోయేది. జాయ్సీ పడలేదు. అడగాల్సింది అడిగింది.

"ఆడా, మగా?"

"జాయ్సీ, ఇప్పుడు..."

"ఆడా, మగా? చెప్పండి."

అతను కెమెరా వైపు చూశాడు. "ఆడమనిషే అనుకుంటా. పొద్దున్నే లేచి చూస్తే రోజూ కెమెరా రేవు వైపు తిరిగి ఉంటుంది... ఎవరో వస్తానన్నట్టు."

"దెయ్యమైతే నాకేంటండీ," అంది జాయ్సీ నాతో, ఇది చెబుతూ. "ఆడదే కదా! ఆరు వారాలు మా ఆయన్ని ఒళ్ళు మరిచి చూసింది. మా ఆయన దాన్ని 'అండీ' అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది అక్కగారూ. భయం ఎక్కడుంది వెయ్యడానికి!"

విసవిసా వెళ్ళి కెమెరా స్టాండు మీద నుంచి ఊడబీకింది. లెన్సుకి మూత పెట్టింది. సంచిలో పడేసి జిప్పు లాగింది. చీకట్లోకి తిరిగి, గట్టిగా, "ఈయనకి పెళ్ళయింది. పెళ్ళాన్ని నేను" అంది. గడ్డి కూడా కదల్లేదట.

దోనె దగ్గరికొచ్చారు. బాలస్వామి కొనలు చూపించాడు. ఆనంద్ పాల్ బుద్ధిగా ముందు కొనకి వెళ్ళి కూర్చున్నాడు. జాయ్సీ వెళ్ళి అతని పక్కనే కూర్చుంది. ఆనుకుని కూర్చుంది. సంచి అతని ఒళ్ళో పెట్టి, తల అతని భుజం మీద వాల్చింది.

"అమ్మగారండీ..." అన్నాడు బాలస్వామి. "దిబ్బ దాటలేదండీ... ఇటు జరగండీ..."

"జరగను. చూడనీ."

బాలస్వామి ఇంక వెనక్కి తిరిగి చూడకుండా గెడ వేశాడు. దేవుడి పేరు ఒక్కటీ వదల్లేదట, యేసయ్యా దుర్గమ్మా అందర్నీ పిలిచాడు. కానీ ఏమీ జరగలేదు. గాలి లేదు, అల లేదు, అరుపు లేదు. రేవులో దిగి నవ్వుకున్నారు కూడా ముగ్గురూ. రాత్రి తొమ్మిదింటికి ఆటోలో ఇంటికొస్తుంటే నేను కొట్టు కట్టేస్తున్నాను. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని ఉంది. నా మంట నాకు మళ్ళీ మొదలైంది.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక పిలిచింది. "రండి అక్కగారూ, నెగడు సీను చూద్దాం. ఎవరు తిప్పారో తేలిపోయిందిగా!" అని నవ్వింది. ఆనంద్ పాల్ గెడ్డం గీసేసుకుని పిల్లాడిలా ఉన్నాడు. క్యాసెట్ పెట్టాడు. ముగ్గురం కూర్చున్నాం.

నెగడు వచ్చింది. చేప వచ్చింది. కెమెరా తిరిగింది, గడ్డిలో జాయ్సీ మొహం వచ్చింది — చాలాసేపు ఉంది. ఆ తర్వాత జాయ్సీ చెయ్యి, నలుపు. మూత పెట్టేసింది కదా మరి.

ఆనంద్ పాల్ ఆపబోయాడు. తెర మళ్ళీ వెలిగింది.

నీళ్ళు. వెన్నెల. దూరంగా వెళ్ళిపోతున్న దోనె. దిబ్బ మీద రేవులో నిలబడి తీసినట్టుంది. బాలస్వామి గెడ వేస్తున్నాడు. ముందు కొనలో రెండు వీపులు, ఒకదానికొకటి ఆనుకుని.

"కెమెరా నా ఒళ్ళోనే ఉంది" అన్నాడు ఆనంద్ పాల్. "సంచిలో ఉంది..." అన్నాడు మళ్ళీ.

దోనె చిన్నదైపోయింది. వేలెడంత అయింది. గింజంత అయింది... ఆగింది. ఆ తర్వాత పెద్దదవడం మొదలెట్టింది.

దోనె వెనక్కి రావట్లేదండి. చూసేదే బయల్దేరింది. నీళ్ళ మీద... నేల మీద నడిచినట్టు, తొందర లేకుండా వస్తోంది. బాలస్వామి చేతిలో గెడ దాటింది. అతని తలపాగా దాటింది. జాయ్సీ జడ కనపడింది, జడలో పిన్ను కనపడింది. తెర నిండా భుజం మీద వాల్చిన ఆ తల ఒక్కటే. అక్కడ ఆగిపోయింది. కదల్లేదు.

కాసేపటికి తెర మసకబారింది, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు. తేరుకుంది. మళ్ళీ మసకబారింది. అలా రేవు దాకా... ఎంతసేపో. ఏమీ చెయ్యలేదు. వెంట్రుక కూడా ముట్టుకోలేదు. చూసింది, అంతే. క్యాసెట్ అయిపోయింది.

జాయ్సీ వెక్కుతూ మొగుడి చొక్కా పట్టుకుంది. పట్టుకున్నదల్లా చటుక్కున వదిలేసి దూరం జరిగింది. ఆనంద్ పాల్‌కి బటన్ దొరకడం లేదు. నేనే లేచి టీవీ ఆపాను.

"అక్కగారూ..." అంది జాయ్సీ. "మీకు భయం వెయ్యలేదా?"

వెయ్యలేదండి. ఏడుపొచ్చింది. నేనే గనక ఆ దిబ్బ మీద ఉంటే, నేనూ అంతదూరం వచ్చేదాన్ని.