షెల్ ఐలాండ్‌లో ఆరో బతుకమ్మ

"హనీమూన్‌కు రెడీయేనా?"

చీఫ్ సత్యనారాయణ ఆ మాట అనగానే భానుచందర్ చేతిలోని చాయ్ ఒలికింది. ఇన్నేళ్ల సర్వీసులో అతని మీద పిస్తోలు గురిపెట్టినవాళ్లు ఉన్నారు గాని, పెళ్లికూతురిని చూపించినవాళ్లు ఎవరూ లేరు.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల షాపు వెనక గది అది. ముందు గదిలో చీరలు అమ్ముతారు, వెనక గదిలో దేశాన్ని కాపాడతారు. ముందు గదిలోనే పని ఎక్కువ.

"విషయం విను," అన్నాడు చీఫ్. "తీరంల ఒక రాడార్ స్టేషన్ నుంచి చిప్ పోయింది. మన నేవీ పెట్రోల్ బోట్లు ఏ దారిన తిరుగుతయో మొత్తం అందులనే ఉన్నది. కొన్నది విదేశీ ముఠా. హ్యాండోవర్ అండమాన్ అవతల, షెల్ ఐలాండ్‌ల."

"బోట్ల రూట్లు మార్చరాదు సార్?"

"కొత్త రూట్లు పెట్టాలంటే నెల పడ్తదట. అప్పటిదాంక మనోళ్లు శత్రువు కండ్ల ముందటనే తిరుగుతరు. మీ నవీన్ ఉన్నది గా బోట్లల్లనే గదా?"

భానుచందర్ తల ఊపాడు. నవీన్ అతని ఒక్కగానొక్క తమ్ముడు. నేవీలో చేరమని ఫారం నింపించింది తనే.

"అందుకే నిన్ను పంపొద్దనుకున్న," అన్నాడు చీఫ్ మెల్లగా. "కని ఈ వానల్ల ఆ దీవికి పొయ్యే టూరిస్టులు ఒక్కటే బ్యాచ్. మన ఎనుమాముల మార్కెట్ అడ్తిదారులు, వాళ్ల ఆడోళ్లు. మిర్చి సీజన్ల వాళ్లకు ఊపిరాడదు, దసరా దాటితే పత్తి వస్తది. మధ్యల దొరికింది ఈ వానకాలమే. వాళ్లల్ల కలువాలంటే వాళ్ల భాష రావాలె. నీది హన్మకొండ. ఇంకెవర్ని పంపుదు?"

"మరి పెళ్లికూతురు?"

"ఏజెంట్ పూజ. ముఠాల మనం నాటిన మనిషి. వాళ్లు ఆమెను తమ కొరియర్ అనుకుంటాండ్లు. చిప్ ఆమెకు అందుతది, ఆమె నీకిస్తది, నువ్వు తెస్తవు. గంతే."

గంతే అన్న మాట డిపార్ట్‌మెంట్‌లో ఎవరి నోట విన్నా భానుచందర్ ఇన్సూరెన్స్ కాగితాలు ఒకసారి చూసుకుంటాడు. చీఫ్ అతనికి ఒక వాచీ ఇచ్చాడు. బటన్ నొక్కితే ఆఫీసుకు సిగ్నల్ వెళ్తుంది. వెనకాల వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది.

*

పూజను చెన్నై ఎయిర్‌పోర్టులో కలవాలి. కోడ్ వర్డ్ అనుకున్నదే. భానుచందర్ నల్లద్దాల పొడుగాటి అందగత్తె పక్కన నిలబడి మెల్లగా అన్నాడు.

"తడిసిన మిర్చి ఎవరు కొంటరు?"

ఆమె నోరు తెరిచేలోపు వెనక నుంచి ఒక గొంతు లేచింది. "ఎవ్వరు కొనరు బిడ్డా! తాలు సరుకు కింద సగం ధరకు పోతది. నీ సరుకు ఏ కోల్డ్ స్టోరేజీల ఉన్నది?"

ఆయన రాజమల్లు, ఎనుమాముల అడ్తిదారు, టూర్ బ్యాచ్‌కు పెద్ద. విమానం ఎక్కేదాకా తేమ గురించి, బూజు గురించి చెబుతూనే ఉన్నాడు. ఆయన భార్య చిలుకమ్మ మాత్రం పూజను కింది నుంచి పైదాకా చూసి, "పిల్ల బంగారు బొమ్మ తీరు ఉన్నది. జర బక్కగున్నది గంతే," అని తేల్చింది. బ్యాచ్ మొత్తానికీ వాళ్లు కొత్త జంట అయిపోయారు.

షెల్ ఐలాండ్‌లో వాన వీళ్లకోసమే కాచుకుని కూర్చున్నట్టుంది. సీజన్‌లో కిటకిటలాడే రిసార్టులో ఇప్పుడు ఒక వెయిటర్, నాలుగు కుక్కలు. డైవింగ్ షాపులకు తాళాలు. ఆరేసిన బట్టలు ఆరవు, దుప్పట్లకు ముక్కిన వాసన. సముద్రం ఎక్కడ మొదలై ఆకాశం ఎక్కడ ముగిసిందో తెలియని బూడిద రంగు. మరునాడే ఫెర్రీలు ఆగాయి. ఆ సాయంత్రానికి సెల్ టవర్ పడిపోయింది. వాటర్‌ప్రూఫ్ వాచీలో నీళ్లు చేరి ముల్లు తేలడం మొదలుపెట్టింది.

అసలు దుఃఖం ఆడవాళ్లది. పెత్రమాస అమావాస్యకు ఇంట్లో ఉండాలని లెక్క వేసుకుని బయలుదేరారు. ఇప్పుడు పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, నడిసముద్రంలో చిక్కుకుపోయారు. ఒకామె వరండాలో కూర్చుని ఏడ్చేసింది. చిలుకమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది.

"ఏడిస్తె ఫెర్రీ వస్తదానె? తంగేడు లేకుంటె మందారం పేర్చుదాం. అమ్మ ఏ పూలనైనా వద్దంటదా?"

అట్లా దీవిలో బతుకమ్మ మొదలైంది. మందారాలు, దేవగన్నేర్లు, నూరువరహాలు. తాంబాళం ఇవ్వడానికి రిసార్టు ఒప్పుకోలేదు. పూజ వంటింట్లోకి పోయి చేపల పెట్టెల థర్మకోల్ మూతలు పట్టుకొచ్చింది. ఆడవాళ్లు ఆమెను మెచ్చుకున్నారు. బీచ్‌లో చప్పట్లు కొడుతూ ఆడి, నీళ్లలో వదిలితే, థర్మకోల్ మీద బతుకమ్మలు మునగకుండా వరుసగా పగడపు దిబ్బల రీఫ్ సందు వైపు సాగిపోయేవి. సందు దగ్గర ఔట్‌పోస్టులో ఇద్దరు పోలీసు జవాన్లు ఉన్నారు. తుఫాను ఆర్డర్లు కనుక చిన్న దోనె వేసినా విజిల్ ఊదుతారు. పూలకు మాత్రం దండం పెట్టేవారు.

ఐదో నాటి సాయంత్రం భానుచందర్‌కు అనుమానం వచ్చింది. చిప్ ఇంకా అందలేదని రోజూ చెప్పే పూజ, అందరూ పూలను చూస్తుంటే నీటి వాలును చూస్తోంది. గదికి వెనక నుంచి వచ్చేసరికి బాత్‌రూం కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది. శాటిలైట్ ఫోన్. ఇంగ్లీషు.

"సముద్రం జోరు తగ్గింది. రేపు సాయంత్రం సందు బయట బోటు ఉంచండి. పెద్ద బతుకమ్మ, పైన ఒకే ఒక్క తెల్ల పువ్వు. చిప్ దాని కిందే."

తలుపు తోసుకుని వెళ్లాడు. ఆమె కిటికీ దూకింది. అతనూ దూకాడు. సినిమాలో అయితే ఇక్కడ ఫైట్ ఉంటుంది. వానకు మెట్ల మీద పాచి పట్టి ఉంది. భానుచందర్ మూడు మెట్లు కాలితోనూ మిగతావి వీపుతోనూ దిగాడు. మడమ పైన కటుక్కుమంది.

పూజ తాపీగా వెనక్కి వచ్చింది. అతని పిస్తోలు, ఫోను, తడిసిన వాచీ తీసుకుంది.

"ఎప్పుడు అమ్ముడుపోయావు?" అన్నాడు పళ్ల బిగువున.

"వాళ్లు నన్ను ముందే కొన్నారు భానూ. మీ డిపార్ట్‌మెంట్ తర్వాత అద్దెకు తీసుకుంది."

"చంపెయ్యి మరి."

"చంపితే ఈ పెద్దమ్మలందరూ పది రోజులు నన్ను పట్టుకుని ఏడుస్తారు. నాకు రేపు పనుంది." ఆమె నవ్వి, వెంటనే గొంతు మార్చి కెవ్వున అరిచింది. "పెద్దమ్మా! మా ఆయన పడ్డాడు!"

*

కాలికి వెదురుబద్దలు కట్టి, ఒళ్లంతా బామ్ పూసి, వరండాలో పేము కుర్చీలో పడేశారు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని. తెల్లారి చిలుకమ్మ జావ తెస్తే చేయి పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఆమె నా భార్య కాదు. స్పై. దేశద్రోహి. జర పోలీసులను పిలువుండ్లి."

చిలుకమ్మ అతని వైపు జాలిగా చూసింది. "రాత్రి లొల్లి మాకు వినబడ్డది కొడుకా. కొత్తల అందరి ఇండ్లల్ల ఉంటది. మా ఆయన నన్ను దయ్యం అన్నడు. దానికి పోలీసులెందుకు?"

"నిజం పెద్దమ్మా! నా తమ్ముడి ప్రాణం..."

"ఒర్రకు. జెరం మీదికి వస్తది. జావ తాగు."

వెయిటర్‌ని పిలిచాడు. సార్‌కు జ్వరం, ఏదేదో మాట్లాడతాడని మేడం ముందే చెప్పి ఉంచింది. వాడు రెండు మాత్రలు తెచ్చి ఇచ్చి పోయాడు. రాజమల్లు వచ్చి మొగవాడికి ఓర్పు ఉండాలని చెప్పి పోయాడు. భానుచందర్ లేచి నిలబడబోయి కింద పడ్డాడు. మళ్లీ ఎత్తి కూర్చోబెట్టి, ఈసారి నడుముకు దుప్పటి చుట్టి కుర్చీకి ముడేశారు. ప్రేమతోనే.

సాయంత్రం వాన ఆగింది. వరండా ఎదుటే బీచ్. ఆకుపచ్చ పట్టుచీరలో పూజ ఎత్తైన బతుకమ్మను రెండు చేతులా పట్టుకుని నీళ్ల వైపు నడుస్తోంది. పైన ఒకే తెల్ల పువ్వు. రీఫ్ సందు అవతల చిన్న లైటు వెలిగి ఆరింది. ఇరవై అడుగుల దూరంలో నవీన్ ప్రాణం నడిచిపోతుంటే, అన్న అనేవాడు దుప్పటి ముడి విప్పుకోలేక చూస్తూ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు కూడా వేసింది.

"ఏందే అది?"

చిలుకమ్మ గొంతు. బీచ్ చివర చెప్పులు వేసుకుని తిరుగుతున్న ఆడవాళ్లంతా ఆగిపోయారు. అప్పుడు గమనించాడు భానుచందర్. వాళ్లెవరి చేతుల్లోనూ పూలు లేవు.

"బతుకమ్మ, పెద్దమ్మా," అంది పూజ తియ్యగా. "మీరంతా ఆలస్యం చేశారు."

"ఇయ్యాల ఎన్నో దినం?"

"ఆరు."

"ఆరో నాడు బతుకమ్మ అలుగుతది. ఇయ్యాల పేర్వరు, ఆడరు, నీళ్లల్ల ఇడ్వరు. మీ అమ్మ చెప్పలేదా?"

పూజ ముఖంలో రంగు మారింది. తొమ్మిది రోజుల పండుగ అని ఆమెకు శిక్షణ ఇచ్చినవాళ్లు చెప్పారు. మధ్యలో దేవతకు అలక వస్తుందని వాళ్లకు ఎవరు చెబుతారు? నిజానికి భానుచందర్‌కే గుర్తులేదు. పండుగలో అతని పని పూలు కోసుకొచ్చేదాకానే.

"మా వైపు ఆడతాం," అంది పూజ, అడుగు ముందుకేసి.

"ఏ వైపు? నాకు తెల్వని వైపున్నదా? అలిగినామెను గెలుకుతవా? ఇటు తే!"

చిలుకమ్మ ఒక కొస పట్టింది. పూజ రెండో కొస వదలలేదు. మిగతా ఆడవాళ్లు చుట్టూ చేరి ఒకటే లొల్లి. థర్మకోల్ ఫట్టున విరిగింది. మందారాలు చెల్లాచెదురయ్యాయి. నల్లని చిన్న ముక్క ఒకటి ఎగిరి తడి ఇసుకలో పడింది.

పూజ మోకాళ్ల మీద కూలబడి ఇసుక తవ్వసాగింది.

"ఏం పోయిందే?"

"నా... నా ముక్కుపుడక!"

అంతే, గొడవ మరిచిపోయారు. బంగారం పోయిందంటే పగవాళ్లయినా వంగి వెతుకుతారు. ఫోన్ లైట్లు వెలిగాయి. రాజమల్లు కూడా అద్దాలు సవరించుకుని వచ్చాడు. చివరికి దొరికింది చిలుకమ్మకే. వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"గిదేం ముక్కుపుడకనే, నల్లగున్నది?"

"బ్లాక్ డైమండ్ పెద్దమ్మా. ఇవ్వండి."

రీఫ్ అవతలి లైటు ఈసారి లోపలికి, సందు ఇవతలికి వచ్చింది. బోటువాళ్లకు ఓపిక పోయినట్టుంది. పూజ చెయ్యి చాచింది. చిలుకమ్మ చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది.

"నేనిస్తె ఏముంటది? నిన్నటి సంది మీ ఇద్దరికి మాటల్లేవు. మొగని చేతుల పెడ్త. ఆయన నీ ముక్కుకు పెడ్తడు, అలక తీరుతది. మా ఇండ్లల్ల గంతే."

"వద్దు పెద్దమ్మా! నాకే..."

చిలుకమ్మ అప్పటికే వరండా ఎక్కింది. భానుచందర్ అరచేయి తెరిచి ఆ నల్లముక్కను అందులో పెట్టి, వేళ్లు మూసింది. "ఇయ్యి కొడుకా. నవ్వుకుంట ఇయ్యి."

పూజ మెట్లెక్కి వస్తోంది. చెయ్యి చీర కుచ్చెళ్లలోకి పోతోంది. అక్కడేముందో అతనికి తెలుసు, అది అతని పిస్తోలే. కాలు లేదు, ఆయుధం లేదు, పారిపోయే దారి లేదు. మిగిలింది నోరొక్కటే. నవీన్‌ను తలుచుకుని, కళ్లు మూసుకుని, మింగేశాడు.

"ఓరి నీ పాడుగాను!" చిలుకమ్మ గుండెలు బాదుకుంది. "పెండ్లాం ముక్కుపుడక మింగిండమ్మా!"

పిస్తోలు బయటికి వచ్చింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పూజ గొంతులో తియ్యదనం పోయింది. "జరగండి పెద్దమ్మా. అది నాకు కావాలి. ఇప్పుడే కావాలి."

చిలుకమ్మ జరగలేదు. భయపడలేదని కాదు, కోపం ఎక్కువై భయానికి చోటు లేకపోయింది.

"మింగితె ఏడికి పోతదే? రేపు పొద్దుగాల వస్తది! దానికి మొగన్ని చంపుతవా?"

ఆ మాట పూజను ఒక్క క్షణం నిలబెట్టింది. ఆ ఒక్క క్షణం చాలింది. కేకలు విని పరుగెత్తుకొచ్చిన జవాన్లలో ఒకడు ఆమె మణికట్టు పట్టేశాడు. రెండోవాడు రీఫ్ లోపలికి వచ్చిన బోటును చూసి విజిల్ ఊదాడు. బోటు తిరిగింది గాని ఆలస్యమైంది. చిక్కుకుపోయిన టూరిస్టుల కోసం వస్తున్న కోస్ట్ గార్డ్ షిప్ అప్పుడే సందుకు అడ్డంగా నిలబడింది.

*

షిప్‌లోని వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "చిప్ సేఫేనా భానూ?"

"సేఫే సార్."

"చేతిల ఉన్నదా?"

"ఇంకా లేదు సార్."

చీఫ్ గట్టిగా దగ్గాడు. అర్థమైనట్టుంది. తర్వాత లైను ఇంకెవరికో కలిపాడు. నేపథ్యంలో ఇంజన్ హోరు, అలల చప్పుడు. వాటి మధ్య ఒక పరిచితమైన గొంతు.

"అన్నా! నేను నవీన్‌ను. పెట్రోలింగ్‌ల ఉన్న. మీ సారు పర్మిషన్ ఇప్పిచ్చిండు. నీ పానం బాగలేదట? ఏమైంది?"

భానుచందర్ వైర్‌లెస్‌ను చెవికి ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. ఎదురుగా చిలుకమ్మ రెండు అరటిపండ్లు ఒలిచి పట్టుకుని, మూడోది ఒలుస్తోంది.

"ఏం లేదురా తమ్మీ," అన్నాడు. "కడుపుల జర బరువున్నది. రేపటికి దిగుతది."