పంపవద్దా?

అంతకు ముందు ఆ ఉద్యోగం చేసిన మనిషి లిఫ్టు గుంటలో శవమై దొరికాడు. పాపం, అతని పనల్లా కంప్యూటర్ తెర మీద కనిపించే మాటలు రాయడం. చంపేంత నేరం అందులో ఏముందో చీఫ్ వివరించాడు.

ఒక విదేశీ ముఠా 'ఇంటి సర్వర్' పేరుతో చిన్న పెట్టె అమ్ముతోంది. ఫొటోలూ కాగితాలూ ఎవరి కంప్యూటర్లలోనో దాచుకోనక్కర్లేదు. రౌటర్ పక్కన పెట్టి ప్లగ్ గుచ్చితే చాలు, అన్నీ మన ఇంట్లోనే ఉంటాయి. కంప్యూటర్‌లో ఓనమాలు రానివాళ్ళకు కూడా మన భాషలో అడిగి మరీ దారి చూపిస్తుంది. జనం ఎగబడి కొన్నారు. అసలు విషం రాబోయే అప్‌డేట్‌లో ఉంది. అది వెళ్ళిందంటే ప్రతి పెట్టె తనలో ఉన్నదంతా ముఠాకు కక్కేస్తుంది. పాత రచయిత ఆ సంగతి పసిగట్టాడు.

"అతని కుర్చీలో నువ్వు కూర్చుంటున్నావు. లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. అవసరం పడ్డప్పుడు నిన్ను మరిదీ అని పిలుస్తారు," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో మౌని అని పిలిచే ఆ ఏజెంట్ తలూపాడు. అతనికి మాటలు రాసే ఉద్యోగం ఇవ్వడం చూసి ఆఫీసంతా నవ్వుకుంది.

కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళారు. పెన్ కెమెరా, బటన్ మైకు, బూటు మడమలోని ట్రాన్స్‌మిటర్ అన్నీ గేటు దగ్గరే మర్యాదగా వలిచేసి, ఒక జత చెప్పులు చేతికిచ్చారు. గదిలో మంచం, బల్ల, తెర. ఒక మూల రొదపెడుతున్న సర్వర్ ర్యాక్. కిటికీ తెరుచుకోదు, తలుపుకు ఇటువైపు పిడి లేదు. అప్‌డేట్ వెళ్ళేదాకా ఎవరూ బయటికి పోకూడదని ముఠా నాయకుడి ఆజ్ఞ. అతన్ని అందరూ దొర అంటారు. మన భాషను పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. ఒక్క తప్పు లేకుండా మాట్లాడతాడు, అందుకు మహా గర్వం.

విచిత్రమేమిటంటే మౌనికి ఆ పని బాగా వచ్చేసింది. 'పోర్ట్ ఫార్వార్డింగ్' కొట్టేసి 'బయటి నుంచి మీ పెట్టెకు దారి ఇవ్వాలా?' అని రాశాడు. 'బ్యాకప్' తీసేసి 'ఇంకో చోట నకలు దాచాలా?' అన్నాడు. చదివిన ప్రతివాడూ బాగుందన్నాడు. తను ఎంత సులువు చేస్తే అంత ఎక్కువ ఇళ్ళు ఈ వలలో పడతాయని తెలిసి, రాస్తూనే తనను తాను తిట్టుకునేవాడు.

ఆ ఇళ్ళలో అక్క ఇల్లు కూడా ఉంది. అక్క టైలర్. ముఠా సంగతి తెలియక ముందు ఆమెకు ఆ పెట్టె కొనిచ్చింది తనే. అందులో తను పోలీసు ట్రైనింగ్ యూనిఫాంలో దిగిన ఫొటో ఉంది. అప్‌డేట్ వెళ్ళగానే ఇక్కడి ఉద్యోగుల ముఖాలన్నీ ఆ ఫొటోలతో పోల్చి చూస్తారని నెమలి అనే ఆమె ఒకసారి మాటల్లో చెప్పింది. అంటే ముందు లిఫ్టు గుంట తనకు, ఆ తర్వాత అక్కకు.

నెమలి అంటే దొరకు కుడిభుజం. సిల్కు స్కార్ఫు, ముత్యాల పోగులు, ఆమె కంటే ముందు గదిలోకి వచ్చే అత్తరు. మౌని రాసిన ప్రతి అక్షరం ఆమె దిద్దాకే తెర మీదికి వెళ్తుంది. మరిదీ అని పిలిచే గొంతు కోసం మౌని రోజూ చెవులు రిక్కించేవాడు. ఎవరూ పిలవలేదు.

అప్‌డేట్ పంపే రోజు పొద్దున మౌనికి అక్క ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. పెట్టె కొత్తలో ఆమెను 'అమ్మ ఫొటోలు చెరపవద్దా?' అని అడిగింది.

"అవునన్నానురా. అంటే వద్దనేగా అర్థం? మొత్తం చెరిపేసింది," అంది అక్క.

దొర మనుషుల లెక్కలో అవునంటే పని జరగాలి. అక్క లెక్కలో అవునంటే అడిగినమాట నిజం. వాళ్ళ భాషకూ మన భాషకూ అక్కడే చెడింది.

మౌని ఆఖరి తెర తీశాడు. చెయ్యి తొందరపడి తప్పు అప్‌డేట్ పోకుండా పెట్టిన ప్రశ్న అది: 'పంపడం ఆపాలా?' అవును నొక్కితే ఆగిపోతుంది, మర్నాటిదాకా మళ్ళీ పంపడం ఎవరితరమూ కాదు. బటన్ల జోలికి వెళ్ళే అధికారం అతనికి లేదు. మాటలు మాత్రం అతనివే. ఆ ప్రశ్న చెరిపి 'పంపవద్దా?' అని రాశాడు.

నెమలి స్వయంగా వచ్చింది. ఆ ఒక్క మాటనూ చాలాసేపు చదివింది.

"ఇది మార్చారు," అంది.

"కొత్తవాళ్ళకి సులువని."

"దొరగారికి ఇంకా సులువు, మరిదీ."

ఆ ప్రశ్న కిందే, పంపడం ఆగిపోతే ప్రతి ఇంటికీ వెళ్ళే కబురు ఒకటుంది. నెమలి వంగి దాన్ని తిరగరాసి వెళ్ళిపోయింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

మధ్యాహ్నం అందరినీ హాల్లోకి పిలిచారు. మౌనికి చెరోపక్క ఒక గార్డు. దొర తెర ముందు కూర్చుని, ప్రశ్నను స్పష్టమైన ఉచ్చారణతో పైకి చదివాడు.

"పంపవద్దా? అవును, పంపుతాం," అని నవ్వి, అవును నొక్కాడు.

'సరే, పంపడం లేదు' అంది తెర. దాని వెనకే ఇంటింటికీ కబురు వెళ్ళింది: 'మీ పెట్టెను దోచుకునే అప్‌డేట్ ఆగింది. ప్లగ్ పీకేయండి.' అడుగున ఈ భవనం చిరునామా.

దొరకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అయ్యాక వేలితో మౌనిని చూపించాడు. గార్డులు అతన్ని లిఫ్టు దాకా ఈడ్చుకెళ్ళి తలుపులు తెరిచారు. లోపల లిఫ్టు లేదు, చీకటి మాత్రం ఉంది. ఒక చెప్పు అందులో పడింది. అది అడుగు తాకిన చప్పుడు చాలాసేపటికి గాని వినిపించలేదు. మౌనికి నిజంగా భయమేసింది.

"మా మరిదిని వదలండి," అంది వెనక నుంచి నెమలి. ఆమె చేతిలో పిస్టల్ ఉంది. బయట సైరన్లు వినిపించేదాకా ఆమె దాన్ని దించలేదు. చీఫ్ అంత త్వరగా ఎలా వచ్చాడని తర్వాత ఎవరో అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. ఆయన ఇంట్లోనూ ఆ పెట్టె ఒకటుంది మరి.

"నేను అవునన్నాను కదా," అన్నాడు దొర, బేడీలతో.

"అందుకే ఆగింది, సార్."

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. కబురు చూసి ప్లగ్ పీకేసిందట. ఆ కబురు ఎవరు రాశారో గాని ఇన్నాళ్ళకి అర్థమయ్యేలా రాశారంది. ఫోన్ పెట్టేసే ముందు, "ఈ ఆదివారం కూడా రావా?" అని అడిగింది.

మౌని నోరు తెరిచాడు. అవును, కాదు రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఎందుకైనా మంచిదని రెండూ మింగేసి, "వస్తానక్కా," అన్నాడు.