అక్క అరువు తెచ్చుకున్న కథ

పొద్దున్నే అక్క ముందుగది సర్దేసింది. బల్ల మీద గిన్నెలూ పెనాలూ తళతళలాడుతున్నాయి. కొత్తవాళ్ళు వచ్చే వేళవుతోంది. గిన్నెలు అమ్మడం కన్నా మనుషుల్ని టీములో చేర్పించడమే ఈ వ్యాపారంలో అసలు పని. అందుకు ఎవరి సొంత కథ వాళ్ళు చెప్పాలని శిక్షణలో నేర్పుతారు. తామెంత కింద పడ్డారో, ఈ పని చేయి పట్టుకుని ఎలా లేపిందో చెప్పాలి. పాపం, అక్క జీవితంలో చెప్పుకోదగ్గ పడిపోవడమే లేదు. మంచి మొగుడు, సొంత ఇల్లు, ఒంట్లో నలతైనా లేదు. అలాంటి మనిషి మాట ఎవరు వింటారు?

"వాళ్ళొచ్చినా నువ్వు బయటికి రానక్కర్లేదే. పడుకో," అంది గది తలుపు దగ్గర నిలబడి.

"నేనెందుకొస్తానక్కా," అంది చెల్లెలు, గోడవైపు తిరిగే.

ఆరో నెలలో కడుపులోనే బిడ్డ పోయాక ఆమె అక్క దగ్గరికి వచ్చింది. అప్పటినుంచి గడప దాటలేదు. బతిమాలి తినిపించిందీ, చిక్కులు తీసి తల దువ్విందీ అక్కే. అందులో మాత్రం అబద్ధం లేదు.

అక్క స్నానానికి వెళ్ళగానే బెల్లు మోగింది. ఆగకుండా మోగుతుంటే చెల్లెలే లేచి తలుపు తీసింది. బయట ఓ సన్నటి అమ్మాయి, భుజాన గిన్నెల సంచి.

"కొత్తగా చేరానండీ. కాస్త ముందొచ్చేశాను. మీరు...?"

"చెల్లెల్ని."

ఆ అమ్మాయి ఆమె చేయి పట్టుకుంది. "మీ అక్కగారు దేవతండీ! నాకూ బిడ్డ పోయింది. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఆవిడ మీటింగులో లేచి, ఆరో నెలలో తన పాప పోయిందనీ, దానికి ఏ పేరు పెట్టుకుందామనుకున్నారో అదీ చెప్పి ఏడ్చారు. అప్పుడే అనుకున్నాను, ఈవిడ వెంట నడవాలని." ఆ పేరు కూడా చెప్పింది.

మొగుడికైనా చెప్పని పేరది. ఓ సాయంత్రం తల దువ్వించుకుంటూ చెల్లెలు అక్కకొక్కదానికే చెప్పింది.

తడిజుట్టుతో అక్క వచ్చింది.

"పేరు కూడానా అక్కా?"

అక్క ముఖం పాలిపోయింది. "నీ సంగతని ఎక్కడా అనలేదే..."

"అన్నా బాగుండేది! నా కూతుర్ని నీ కూతుర్ని చేసేసుకున్నావు. దాని పేరు నాకింకా నోటికి రావడం లేదు. నువ్వు పెనాల పక్కన నిలబడి అనేశావు!"

"ఏం చెయ్యను? ఆ కథ చెప్పిన రోజే అందరూ చేరారు," అనేసి అక్క నాలుక కరుచుకుంది.

ఆ అమ్మాయికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అంటే మీకేమీ... ఈ బాధ మీకు తెలుసనే కదండీ మీ దగ్గరికొచ్చాను," అంది. సంచి నేలమీద పెట్టి మెట్లు దిగిపోయింది.

చెల్లెలు గదిలోకెళ్ళి మంచం కింద చెప్పుల కోసం వెతుక్కుంది.

"ఎక్కడికే?"

"ఆ అమ్మాయికి కావలసింది నేను. నువ్వు కాదు."

అక్క కిటికీలోంచి చూసింది. కింద ఆఖరి మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. చెల్లెలు ఏదో చెబుతోంది, ఆ అమ్మాయి తల ఊపుతోంది. ఇన్నాళ్ళూ అక్క ఎంత బతిమాలినా చెల్లెలు అంతసేపు మాట్లాడలేదు. ఫోన్ మోగింది. వస్తున్నామన్నారు కొత్తవాళ్ళు. "రాకండి. ఇక మా ఇంట్లో మీటింగులుండవు," అంది అక్క.

కాసేపటికి కిందనుంచి చెల్లెలి గొంతు వినిపించింది. "మూడు కప్పులు టీ పెట్టు." చివర అక్కా అన్న పిలుపు లేదు.

ఏడుపొస్తే తల ఎత్తాలనీ, కన్నీళ్ళు ఎదుటివాళ్ళకి కనబడాలనీ శిక్షణలో చెప్పారు. అక్క స్టవ్వు ముందు తల వంచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

టీ తీసుకుని మెట్లు దిగింది. చెల్లెలు ఆమె ముఖం చూడలేదు. కప్పు అందుకుని, కాస్త జరిగి పక్కన చోటిచ్చింది.