నీడకు కాజాలు

మూడో అంతస్తు మెట్లెక్కి, ఆయాసం తీరకముందే నేనన్న మొదటి మాట, “అయిపోతుంది.”

అప్పటికి దించాల్సింది ఏమిటో కూడా వాళ్ళు చెప్పలేదు.

అది కుట్టుపని గది. సగం సామాను ఇప్పటికే మూటలు కట్టేశారు. మెడలో టేపు, ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆ వీధిలో అందరికీ ఆవిడ మాస్టరమ్మ. ముప్ఫై ఏళ్ళుగా కోట్లూ చొక్కాలూ కత్తిరిస్తున్న చెయ్యి. పక్కన ఉన్నది ఆవిడ మేనకోడలు. పని నేర్చి, అత్తకు సాటి వచ్చింది కాబట్టి చిన్న మాస్టరు. నడుముకు నాడాతో కత్తెర వేలాడేసుకుంది. కత్తెరదే పదును అనుకున్నాను, ఆ అమ్మాయి కళ్ళెత్తి చూసేదాకా.

“ఏం అయిపోతుంది?” అంది.

“ఏదైనా సరే. బీరువా, ఫ్రిజ్, పియానో. పదేళ్ళుగా ఇళ్ళు మారుస్తున్నానండీ. ‘నా వల్ల కాదు’ అనే మాట నా నోట రాలేదు.”

“ఎలా వస్తుంది? గొప్పలకే చోటు చాలడం లేదు కదా.”

మాస్టరమ్మ కిసుక్కుమంది. మా వాళ్ళు నలుగురూ నా వెనకాల దగ్గారు. చిన్న మాస్టరు కత్తెరతో గది మధ్యకి చూపించింది. “అదిగో. దింపండి.”

కత్తిరించే బల్ల. ఎనిమిదడుగుల పొడవు, మూడున్నర వెడల్పు, అరచెయ్యంత మందం. కాళ్ళకు మర లేదు, మేకు లేదు. పలకలోకి గాడి తీసి దిగ్గొట్టిన కాళ్ళు.

“ఇది పైకొచ్చినప్పుడు మెట్లు తిన్నగా ఉండేవి,” అంది మాస్టరమ్మ. “ఓనరు కూలగొట్టి మళ్ళీ కట్టించాడు. ఇప్పుడు ప్రతి అంతస్తుకీ నడుమ మలుపు. కిటికీలకేమో గోడలో పాతేసిన ఊచలు. ఈ బల్ల ఆ మలుపు తిరగడం కుందేటి కొమ్ము, నాయనా.”

“సాయంత్రం ఆరింటికి తాళం ఇచ్చెయ్యాలి,” అంది చిన్న మాస్టరు. “ఆ తర్వాత గదిలో ఏది మిగిలినా రంపంతో కోయించి పారేస్తానన్నాడు. కొత్త షాపు ఎదురుగానే, కిందే. వీధి దాటితే చాలు. ఆ వీధి దాకా చేరడమే.”

“అయిపోతుంది,” అన్నాను.

“అత్తా, ఈయన పేరు అయిపోతుందిగారు.”

ఆ పేరు ఆ క్షణం నుంచి నాకు అంటుకుపోయింది.

మూటలు దించుతుండగా ఒకాయన గుడ్డ పట్టుకుని వచ్చాడు. మీటరున్నర గుడ్డ. అందులో తనకూ తమ్ముడికీ రెండు చొక్కాలు కావాలట. రేపటికల్లా కావాలట.

“రేపటికా?” అంది మాస్టరమ్మ, గుడ్డను వేళ్ళ మధ్య నలుపుతూ. “నీడకు కాజాలు కుట్టమను, కుడతాను. పొగకు గుండీలు పెట్టమను, పెడతాను. ఇది మాత్రం మా తాత దిగొచ్చినా కాదు.”

ఆయన పగలబడి నవ్వి, “పోనీ ఒక్క చొక్కా, వచ్చేవారానికి?” అన్నాడు. గుడ్డ ఇచ్చి వెళ్ళాడు.

“కుదరదని ఒక్క ముక్కలో చెప్పొచ్చు కదండీ?” అన్నాను.

జవాబు చిన్న మాస్టరు చెప్పింది. “కుదరదు అంటే మనిషి మొహం చిన్నబోతుంది. గాడిద గుడ్డు అంటే నవ్వుకుంటూ పోతాడు, మళ్ళీ వస్తాడు. మా నాన్న దగ్గర ఇలాంటివి వంద ఉండేవి. అత్త దగ్గర నూటయాభై.”

“మీ దగ్గర?”

“మీకోసం కొత్తవి కుట్టించాలి.”

మూడింటికి బల్ల ఒక్కటే మిగిలింది. మలుపు దగ్గర ఒకసారి చూసొచ్చి, తేలిక దారి చెప్పాను. “కాళ్ళు కోసేద్దాం. కింద మళ్ళీ అతికించేస్తారు, గీత కూడా కనబడదు.”

చిన్న మాస్టరు నేలమీద గొంతుక్కూచుని ఒక కాలిని చూపించింది. కాలి పొడవునా పెన్సిల్ గీతలు, ఒకదాని మీద ఒకటి.

“నేను మొదటిసారి నిలబడ్డ రోజు నుంచి, నా తల పలకకు తగిలిన రోజు దాకా. నాన్న గీశారు. ఆ పైన కొలవడానికి బల్లా చాల్లేదు, నాన్నా లేరు.”

మామూలుగానే చెప్పింది. కానీ నా చెయ్యి ఊరుకోలేదు, కోతకు గుర్తు పెట్టడానికి జేబులోంచి తీసిన మార్కర్‌ని మళ్ళీ జేబులో పెట్టేసింది.

“కాళ్ళతోనే దిగుతుంది,” అన్నాను.

పైన మా వాళ్ళిద్దరు, కింద నేనూ మరొకడూ. నాలుగోవాడు వ్యాన్ దగ్గర. బల్లను పక్కకు నిలబెట్టి మెట్లలోకి దించాం. మలుపు దాకా వెన్నలా వచ్చింది. మలుపులో ఒక్కసారి కిర్రుమంది, ఆగింది. అంతే. పైకి రాదు, కిందికి పోదు. మెట్లకు అడ్డంగా గోడ కట్టినట్టయింది. అటు వాళ్ళు, ఇటు మేము. మధ్యలో జానెడు సందు.

అప్పుడే వాన. మెట్లకు ఒక వైపు నిండు గోడ లేదు, పిట్టగోడా దాని పైన ఊచలూ అంతే. వానకి నేను దొరికాను.

సందులోంచి ఒక కన్ను కనబడింది. “అయిపోతుందిగారూ! తడుస్తున్నారా?”

“లేదండీ, స్నానం చేస్తున్నాను.”

సందులోంచి ఒక పాత లైనింగు గుడ్డ జారింది. “తుడుచుకోండి. బల్ల మీద నీళ్ళు పడనివ్వకండి.”

“మీ బాధ బల్ల గురించా, నా గురించా?”

“బల్లకు జలుబు చేస్తే మందు లేదు.”

పైన మా వాళ్ళు పకపకా నవ్వారు. నేను భుజం పెట్టి తోశాను. తాడు వేసి లాగాను. గుడ్డ చుట్టి, సబ్బు రాసి, మళ్ళీ తోశాను. ప్రతిసారీ మాస్టరమ్మ పైనుంచి లెక్క తప్పకుండా ఒకటి వదిలింది. “ఇసుకలో నూనె!” అంది ఒకసారి. “గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం!” అంది ఇంకోసారి. నాలుగోసారికి ఆవిడ గొంతులో నవ్వు లేదు. “పోనీలే నాయనా,” అంది.

ఆ పోనీలే దగ్గర నాకు లోపల ఏదో తెగింది. ఐదు కావస్తోంది. చిన్న మాస్టరు సందు దగ్గరే కూచుంది. బల్ల కాలి మీద ఆమె వేళ్ళు కనబడుతున్నాయి, సరిగ్గా ఆ గీతల మీద.

“ఏమండీ,” అన్నాను. “నా వల్ల కాదు.”

వేళ్ళు గీతల మీంచి లేచాయి.

“ఏమన్నారు?”

“విన్నారు కదా.”

“లేదు. ఇంకోసారి అనండి.”

“నా వల్ల కాదండీ. తోసి తోసి దీన్ని విరగ్గొట్టడం ఒక్కటే నాకిప్పుడు తేలిక. అది చెయ్యను. గీతల మీద రంపం పెట్టడం అంతకన్నా కాదు. ఓనరు కోయిస్తానన్నది గదిలో మిగిలినదాన్ని, మెట్లలో ఉన్నదాన్ని కాదు కదా! ఆరింటికి ఓనరు వస్తే నేను ఈ మలుపులోనే కూచుంటాను. కోస్తే ముందు నన్ను దాటాలి.”

ఆమె మెల్లగా అంది, “ఇది పొద్దున్నే అనుంటే గంట కలిసొచ్చేది.” కానీ గొంతులో పదును పోయింది. సందులోంచి టేపు కొస బయటికొచ్చింది. “పట్టుకోండి. మలుపు మూల నుంచి గోడకి ఎంత?”

నేను అటు పట్టుకున్నాను, ఆమె ఇటు. అంగుళాలు చెబుతూ పోయాను. టేపు బిగిసిన ప్రతిసారీ అవతలి చెయ్యి తెలుస్తూనే ఉంది. ఒకసారి కొలత అయిపోయాక కూడా ఇద్దరం వదల్లేదు.

“వదలండి,” అంది.

“మీరు వదలండి.”

“టేపు అత్తది.”

వదిలాను. పైన కాగితం కత్తిరిస్తున్న కరకర. మెట్ల మలుపు నమూనా ఒకటి, బల్ల నమూనా ఒకటి. ఇంతలో సందులో మళ్ళీ ఆ కన్ను. ఈసారి నవ్వుతోంది.

“చొక్కాకు చెయ్యి ఎలా తగిలిస్తారో తెలుసా? ఒంపుకు ఎదురుగా ఒంపు పెడితే చచ్చినా కుదరదు. తిరగేసి, ఒంపులో ఒంపు దూర్చాలి. మీరు కాళ్ళను బయటి గోడ వైపు పెట్టారు. లోపలి మూల వైపుకి ఉండాలి. ముందు రెండు కాళ్ళూ మూల దాటాక అప్పుడు పలక తిరుగుతుంది. కాగితం మీద తిరిగింది.”

“చెక్క మీద?”

“అయిపోతుందిగారు ఉన్నారుగా.”

రాసిన సబ్బు ఈసారి పైకి పనికొచ్చింది; పైవాళ్ళు లాగారు, మేం తోశాం. బల్ల మూలుగుతూ గదిలోకి వెళ్ళింది. తిప్పి, మళ్ళీ దించాం. కాళ్ళు మూలను కౌగిలించుకున్నట్టు చుట్టుకుని, ఒకటి దాటింది, రెండోది పట్టింది. వెనక కొస రెండంగుళాలు లేవాలి.

“అత్తా! ఆ కొస కాస్త ఎత్తండి!” అని అరిచాను.

“ఎవరికి నాయనా అత్త?” పైనుంచి మాస్టరమ్మ. “బల్ల ఇంకా దిగనేలేదు, వీడు అప్పుడే వరస కలిపేశాడు!”

అంటూనే ఎత్తింది. రెండోది కూడా దాటింది. పలక తిరిగింది, సబ్బు రాసిన గోడ మీద నిక్షేపంగా. కింది అంతస్తుల మలుపుల్లో ఇంకెవరూ నోరెత్తలేదు. దారి తెలిసిపోయింది కదా.

ఆరింటికి ఓనరు రంపంవాణ్ణి వెంటేసుకుని వచ్చాడు. మాస్టరమ్మ వీధి అవతల కొత్త షాపు గుమ్మంలోంచి అతని చేతిలో తాళం పెట్టింది. వెనక, లైటు కింద, తడి తుడిచిన బల్ల.

మర్నాడు ఆదివారం. నేను గుడ్డ పట్టుకుని కొత్త షాపుకెళ్ళాను. మాస్టరమ్మ మూల కూచుని గుండీలు ఏరుతోంది.

“చొక్కా కుట్టాలి,” అన్నాను.

చిన్న మాస్టరు టేపు తీసింది. “ఎప్పటికి?”

“మంగళవారానికి.”

“గాడిద గుడ్డు.”

“మంగళవారం మా అమ్మను తీసుకొస్తున్నాను. మీ అత్తగారితో మాట్లాడటానికి.”

భుజం కొలుస్తున్న చెయ్యి ఆగింది. “ఏం మాట్లాడటానికి?”

“నాతో వేగడం మీ వల్ల అవుతుందా అని. కాదంటే సూటిగా చెప్పెయ్యండి. మొహం చిన్నబోయినా ఫర్వాలేదు. మధ్యలోకి కుందేళ్ళనీ గాడిదల్నీ తేవద్దు.”

ఆమె భుజం కొలిచింది. చెయ్యి కొలిచింది. మెడ కొలిచేటప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకుంది. సుద్దతో అంకెలు రాసుకుంది. నా గుండె ఆ బల్లలాగే మలుపులో ఇరుక్కుంది.

మాస్టరమ్మకు ఓపిక పోయింది. “మంగళవారానికా? చేతిలో పదకొండు చొక్కాలున్నాయి. గగనంలో పువ్వు కోసుకురమ్మన్నట్టు…”

“నువ్వుండు అత్తా.” ఆమె నా గుడ్డను బల్ల మీద పరిచింది, అరచేత్తో ముడతలు తీసింది, కత్తెర అందుకుంది. “సోమవారం సాయంత్రం రండి. వేసుకుని చూసుకోవాలి కదా. సరిచెయ్యాల్సినవేమైనా ఉంటే ఒక పూట చేతిలో ఉంటుంది.”

మాస్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఈ బల్ల మీద ఒకరోజు ముందే ఇస్తామన్న చొక్కా ఆవిడ ఎరుగదు.

“అంటే…” అని బల్ల అంచు పట్టుకున్నాను. “అయిపోతుందంటారా?”

కత్తెర గుడ్డలోకి దిగింది. తల ఎత్తకుండానే, నవ్వు దాచుకోకుండానే, చిన్న మాస్టరు అంది:

“అయిపోతుంది.”